ముందు తన వాసన తాను చూసుకునే మనిషి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కట్టిన మూట విప్పకుండా గంజాయిని వాసనతో పట్టగలిగినవాళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం. ఒకరు ఎక్సైజులో హెడ్ కానిస్టేబులుగా చేసి రిటైరైన ఆయన. రెండోవాణ్ణి నేను. ఇద్దరం కలిసి పట్టిన కేసులు మూడు వందలకు తక్కువ ఉండవు. సాలూరు ఘాట్ రోడ్డు మీద బెల్లం దిమ్మల కింద సరుకు దాచుకొస్తున్న లారీని, అదింకా మలుపు తిరక్కముందే గాలి వాటాన్ని బట్టి పసిగట్టి, జీపు అడ్డంగా పెట్టించింది నేనే.

పోయిన నెల ఆయన పోయాడు. అరసవల్లిలో అద్దె ఇంట్లో మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చాడు, మరి లేవలేదు. బాప్టిస్టు సంఘం వాళ్ళ శ్మశానంలో పెట్టారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే నా వెనక నిలబడ్డ ఇద్దరు గుసగుసలాడుకోవడం వినపడింది. మా చెల్లెలి ఊరివాళ్ళు.

"ఈయన ముక్కు నమ్మీసే కదేటి ఆ ఓడ కుర్రోడు అలగైపోనాడు."

"ఊరుకోరా. సచ్చినోడి మీద ఇప్పుడెందుకు."

ఆ ఓడ కుర్రాడు మా చెల్లెలి కొడుకు. వెనక్కి తిరిగి ఏదో ఒకటి అందామనుకున్నాను. ఇంటికొచ్చి కాగితాలు ముందేసుకున్నాను. ఆ ముక్కు బతికినన్నాళ్ళూ ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదని, ఆ చెడ్డపేరు ఆయనకు తగదని రాయడానికి. పేరు మాత్రం రాయను. రాస్తే ఆయన ఊరుకోడు. "కోర్టు కాయితాల్లో ఎక్కింది సాల్లేదేటి బావా" అంటాడు.

మనిషి పొట్టి. ఆయన సంగతి విని చూడవచ్చినవాళ్ళు గద్దముక్కు ఉంటుందని ఆశపడేవాళ్ళు. తీరా చూస్తే చిన్న ఉల్లిపాయంత, మొహం మధ్యలో మరిచిపోయి వదిలేసినట్టు ఉండేది. దాని పనితనం మాత్రం చూసి తీరాలి. ఏ వస్తువైనా చేతికిస్తే ముందు లోపలి గాలంతా బయటికి వదిలేసేవాడు. తర్వాత ఎడమ చొక్కాచేతిని పైకి మడిచి, మోచేతి మడతలో ముక్కు పెట్టి ఒక గుక్క పీల్చేవాడు. అప్పుడు గాని వస్తువు దగ్గరికి వెళ్ళేవాడు కాదు. మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చి అడిగాను.

"అదేటి హెడ్డూ, మోచేతిలో ఏం దాచావు?"

"ముందు నా వాసన నాను సూసుకోవాల బావుగారూ. అది తీసీగా మిగిలిందే సరుకు."

ఆ ముక్కు కోసం ఆయన ఒంటికి సబ్బు రాయలేదు, తలకు నూనె పెట్టలేదు, మొహానికి పౌడరు ఎరగడు. వాళ్ళావిడ నాతో ఒకసారి చెప్పుకుంది. "నాకు పెళ్ళైన కాణ్ణించీ ఈ ఇంట్లోకి ఒక మల్లిపువ్వు రాలేదు బాబూ. అగరొత్తులైతే మా మతంలో లేవనుకో, పువ్వులకేటొచ్చింది?" ఆదివారం పొందూరు పంచె కట్టి చర్చికి వెళితే ఆడవాళ్ళ వరసలకు దూరంగా, కిటికీ పక్కన కూర్చునేవాడు. పట్టుబడ్డవాడు "మావిడాకులు బావూ, పెళ్ళికి పట్టుకెల్తన్నాను" అని మొదలుపెడితే చెయ్యెత్తి ఆపేవాడు. "నాకు సెప్పకు. ముక్కుకి సెప్పు."

టీకొట్టులో కూడా అంతే. గ్లాసు అందుకోగానే మోచెయ్యి, ఆ తర్వాత గ్లాసు. "పొద్దుటి పాలు కావివి" అంటే కొట్టువాడు చచ్చినట్టు పారబోసి మళ్ళీ పెట్టేవాడు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. లేకపోతే మున్ముందు అబద్ధం మీద అబద్ధం పేర్చుకుంటూ పోవాలి. నేను జన్మలో గంజాయి వాసన పట్టలేదు. ముప్పై ఏళ్ళు ముక్కుపొడుం పీల్చినవాణ్ణి. నా మంచం కింద ఎలుక చచ్చి మూడు రోజులైతే పక్కింటివాళ్ళొచ్చి చెప్పారు. నేను మండలాఫీసులో గుమాస్తాని. ఎక్సైజువాళ్ళు సరుకు పట్టుకుంటే పంచనామా మీద ఇద్దరు మధ్యవర్తులు సంతకం పెట్టాలి. సర్కారు నౌకరైతే రేపు కోర్టులో మాట మార్చడని వాళ్ళకో నమ్మకం. వాళ్ళ జీపు మా ఆఫీసు ముందు ఆగితే మిగతా గుమాస్తాలు పెరటి గుమ్మంలోంచి జారుకునేవాళ్ళు. నేను ఎదురెళ్ళి ఎక్కేవాణ్ణి. ఎక్కితే ఆ పూటకు ఫైళ్ళుండవు, తిరుగు దారిలో కోడికూర భోజనం ఉంటుంది. మూడు వందల కేసులన్నాను కదూ, పదకొండు. బెల్లం లారీ పట్టుకున్ననాడు నేను వెనక సీట్లో నిద్రపోతున్నాను. బ్రేకు వేసేసరికి నుదురు ముందుసీటుకు కొట్టుకుని మెలకువొచ్చింది.

పంచనామాలో ప్రతిసారీ ఒకటే వాక్యం. "మధ్యవర్తులమైన మేము సదరు మూటను విప్పి, వాసన చూసి, అది గంజాయి అని నిర్ధారించుకున్నాము." దాని కింద పదకొండుసార్లు సంతకం పెట్టాను. పద్ధతి ప్రకారం నేనూ మూట మీదికి వంగితే ఆయన చెవి దగ్గరికొచ్చి అనేవాడు. "ఒగ్గీయండి బావుగారూ. మీ ముక్కు మొకానికి అందం కోసం ఎట్టినాడు దేవుడు."

ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను బావుగారిని, అంటే బాబుగారిని. రిటైరైన మర్నాడు టీకొట్టు దగ్గర "ఏటి బావా" అన్నాడు. ఆయన క్రైస్తవుడు, మేం నాగలి పట్టిన కుటుంబం. ఆ పిలుపు విని మా ఇంట్లోనూ ఎవరూ సంతోషించలేదు, వాళ్ళింట్లోనూ సంతోషించలేదు. మేమిద్దరం సంతోషించాం.

పదకొండు కేసుల్లో పదింటిని నేను మరిచిపోయాను. ఒకటి మరిచిపోనివ్వలేదు ఆయన.

సాలూరు కొండదారిలో, పొద్దున్న పదింటివేళ. తల మీద గోనెతో దిగివస్తున్న ఒక కొండమనిషి ఎదురయ్యాడు. జీపు చూసి పరిగెత్తనైనా లేదు, పక్కకు తప్పుకుని నిలబడ్డాడు, దారిస్తున్నాననుకుని. మూట ఎవరిదంటే తెలీదన్నాడు. "దించీయమన్నకాడ దించీస్తాను బావూ. లోపలేటున్నాదో నానేల సూస్తాను?" కూలికి మోస్తున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, కాళ్ళకు చెప్పుల్లేవు.

హెడ్డు మోచెయ్యి చూసుకుని, గోనె మీదికి వంగాడు. "గంజాయే" అన్నాడు. అని ఊరుకోలేదు. పట్టా పరిచి, గోనె కుమ్మరించి, గొంతుక్కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. పూత కట్టిన కొసలు ఒకవైపు, ఉత్త ఆకు ఒకవైపు, కాడలు ఒకవైపు. మా ఆవిడ తోటకూర ఏరినట్టు.

మాతో వచ్చిన ఇన్‌స్పెక్టరు సిగరెట్టు ఆపి చూశాడు. "ఏంటయ్యా అది?"

"ఏరుతున్నానండి. సట్టంలో పూత కొసల్నే గంజాయన్నారండి. ఉత్త ఆకు లెక్కలోకి రాదండి."

"ఆకు కొమ్మకి కలిసే ఉంది కదా? నువ్వు జడ్జీవా? మొత్తం ఎత్తి కాటా మీద పెట్టు."

"రాత్రి వానకి గోనె తడిసున్నాదండి..."

"పెట్టమన్నానా?"

పెట్టారు. ఇరవై మూడు కిలోలు. ఇరవై దాటితే పదేళ్ళకు తగ్గదు శిక్ష. కొసల్నే తూస్తే పద్నాలుగుకు మించదని ఆయన తర్వాత నాతో వందసార్లు అన్నాడు. పంచనామా రాయడం అయింది. ఆయన కలం పట్టుకుని కాగితం వైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు నేనన్న మాట నాకు గుర్తుంది.

"కానీ హెడ్డూ, భోజనం వేళ దాటిపోతోంది."

ముందు నేనే పెట్టాను సంతకం. తర్వాత ఆయన పెట్టాడు. విజయనగరం కోర్టులో ఇద్దరం సాక్ష్యం చెప్పాం. వకీలు నన్ను "వాసన చూశారా?" అనడిగాడు. "చూశాను" అన్నాను. కొండమనిషికి పదేళ్ళు పడ్డాయి.

రిటైరయ్యాక అరసవల్లి జంక్షన్ టీకొట్టు దగ్గర పేపరు చేతికొచ్చినరోజల్లా మాకు ఇదే గొడవ. ఫలానా దేశంలో గంజాయికి అనుమతిచ్చారనో, మన పార్లమెంటులో ఎవరో సడలించమన్నారనో వార్త పడేది. నేను కావాలని రెచ్చగొట్టేవాణ్ణి.

"తాగినోణ్ణి, మోసినోణ్ణి, పండించినోణ్ణి ముగ్గుర్నీ ఒకే తాడుకి కట్టి బజారు తిప్పాలి."

"తిప్పుదువులే. నీ పొడుం డబ్బీ కూడా మెళ్ళో కట్టి తిప్పుదుము."

"అంటే గంజాయి మంచిదంటావు? చర్చిలో చెప్పనా?"

"మంచిదని ఎవుడన్నాడు? గంజాయి పీల్సి పీల్సి పెళ్ళాన్ని పోల్సుకోలేనోణ్ణి సూసినాను నాను. అది ఇషమే. కానీ ఏటో తెలిసిన ఇషం. పేరున్నాది, వాసనున్నాది, ఎంత తాగితే ఏటవుతాదో లోకానికి తెలుసు. దాన్ని మోసినోడికి పదేళ్ళేసి కూకున్నాం. మోయించినోడి పేరైనా తెలీదు మనకి. ఇలగ దీన్ని తొక్కీసి తొక్కీసి ఉంటే రేపు పేరు లేనిదేదో వస్తాది, సూడు."

"ఏమొస్తుందేంటి?"

"నాకు తెలిస్తే అది పేరున్నదే కదా."

కొట్టువాడు నవ్వేవాడు, నేనూ నవ్వేవాణ్ణి. ఆయన గెలిచాడని ఒప్పుకోకుండా ఉండటానికి టీ ఇంకోటి చెప్పేవాణ్ణి.

ఒకనాడు పెన్షను పని మీద ఇద్దరం విజయనగరం వెళ్ళి తిరిగొస్తూ ఆర్టీసీ కాంప్లెక్సులో నిలబడ్డాం. ఎవరో మనిషి దగ్గరికొచ్చి వంగి దణ్ణం పెట్టాడు. జుట్టు సగం నెరిసింది. నేను పోల్చుకోలేదు.

"బావూ, బాగున్నారేటి? హెడ్డుబావు కదేటి మీరు?"

ఆయన పోల్చుకున్నాడు.

"పోయినేడు ఒగ్గీసినారు బావూ నన్ను. సాలూరు బస్సు ఎక్కడాగుతాదో సెప్తారేటి? బోర్డులన్నీ మార్చీసినారు."

కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. దారి తెలిసిన పెద్దమనిషి కనపడ్డాడు, అడిగాడు, అంతే. హెడ్డు అతని చెయ్యి పట్టుకుని ప్లాట్‌ఫారం దాకా నడిపించుకెళ్ళాడు. బస్సెక్కించి, కిటికీ పక్క సీటులో కూర్చోబెట్టి, బస్సు కదిలేదాకా కింద నిలబడ్డాడు. తిరిగొచ్చి నా మొహం చూడకుండా అన్నాడు.

"ఆకుని కూడా తూసీసినాం బావా మనం."

ఇక అసలు సంగతి. ఇక్కడ చిన్నమెత్తు కూడా పెంచి రాయను.

మా చెల్లెలు పొందూరు దగ్గర పల్లెలో ఉంటుంది. భర్త పోయాక రెండెకరాల మీద కొడుకుని చదివించింది. వాడు ఓడలో ఫిట్టరుగా చేరాడు. మా జిల్లా కుర్రాళ్ళకు ఓడ ఉద్యోగమంటే ఎంతో చెప్పక్కర్లేదు. తొమ్మిది నెలలు నీళ్ళ మీద, మూడు నెలలు ఇంటి దగ్గర. తిత్లీ తుఫానుకు ముందేడు, వాడు ఇంటికొచ్చి మళ్ళీ పిలుపు కోసం చూస్తున్నాడు. ఇరవై ఏడేళ్ళు. వాడి పెట్టెలో బట్టలు ఎండబెడుతుంటే మా చెల్లెలికి ఒక వెండిరంగు పొట్లం దొరికింది, అరచేయంత. పైన రంగురంగుల బొమ్మ. లోపల నలిపిన ఎండాకు. నాకు ఫోను చేస్తే వెళ్ళాను.

"ఏట్రా ఇది?" అంది నా ముందే వాణ్ణి నిలబెట్టి.

"ధూపమే అమ్మా. కేబిన్‌లో వాసన పోవడానికి ఎలిగిస్తాం. సూడు మావా, దాని మీదే రాసున్నాది, మనుషులు పుచ్చుకోకూడదని."

నిజంగానే అలా రాసుంది ఇంగ్లీషులో. నాకు అనుమానం పోలేదు. "గంజాయైతే ఉద్యోగం పోతుందిరా" అన్నాను. వాడు నవ్వాడు. "గంజాయైతే మూత్రం పరీక్షలో పడిపోతాను కదా మావా. ఓడ ఎక్కే ముందు ప్రతిసారీ సేస్తారు. నాకు పిచ్చేటి?"

పొట్లం తీసుకుని మర్నాడు పొద్దున్నే అరసవల్లి వెళ్ళాను. ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నాడు. ఎవరిదో చెప్పాను, ఎక్కడిదో చెప్పాను. గాలి వదిలాడు, మోచెయ్యి చూసుకున్నాడు, పొట్లంలో ముక్కు పెట్టాడు. మళ్ళీ మోచెయ్యి, మళ్ళీ పొట్లం. మూడుసార్లు. ఆయన ఏ సరుకునూ మూడుసార్లు చూడగా నేను చూడలేదు. ఒక చిటికెడు అరచేతిలో వేసుకుని నలిపాడు. మొహం చిట్లించాడు.

"గంజాయి కాదు" అన్నాడు.

పొట్లం తెచ్చి చెల్లెలికిచ్చాను. "హెడ్డు చూశాడు. గంజాయి కాదు. వాడిది వాడికిచ్చేయ్." ఆమె వాడి చేతిలో పెట్టింది.

పన్నెండో రోజు పొద్దున్న వాడు పెరట్లో నూతి దగ్గర పడిపోయాడు. ఫిట్సు. ఒకటి ఆగేలోపల ఇంకోటి. ఆటోలో శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళితే మెదడువాపు అన్నారు, పాము కరిచిందేమో చూడమన్నారు. ఏమైనా తీసుకున్నాడా అనడిగారు. ఏమీ లేదన్నాం. మూత్రం పరీక్ష చేసి వాళ్ళూ లేదనే అన్నారు. ఒకరోజు అలా పోయింది. మర్నాడు విశాఖపట్నం తీసుకెళ్ళాం. అక్కడికి కబురు విని హెడ్డు బస్సులో వచ్చాడు. వస్తూనే కుర్ర డాక్టరు దగ్గరికి వెళ్ళి, పొట్లం సంగతి చెప్పాడు. మాకు అప్పటిదాకా దాని గురించి చెప్పాలని తోచలేదు. గంజాయి కాదు కదా.

డాక్టరు విని కుర్చీలో వెనక్కి వాలాడు. చెప్పాడు. ఆ ఆకు ఏదైనా కావచ్చు, అది ఉత్త ఆకే. దాని మీద ప్రయోగశాలలో వండిన మందు చల్లుతారు. గంజాయి మెదడులో ఎక్కడ తగులుతుందో ఇదీ అక్కడే తగులుతుంది, కాకపోతే చెంపదెబ్బకీ గునపం పోటుకీ ఉన్నంత తేడా. చల్లినప్పుడు సమంగా పడదు. ఒక చిటికెలో ఏమీ ఉండదు, అదే పొట్లంలో ఇంకో చిటికె మనిషిని పడగొడుతుంది. మామూలు పరీక్షకు దొరకదు. చట్టం ఒక మందు పేరు రాసుకునేలోపల వాళ్ళు దాన్ని కొంచెం మార్చి ఇంకోటి వండుతారు.

వాడితో ఓడలో చేసిన స్నేహితుడు తర్వాత చూడటానికొచ్చి ఏడుస్తూ చెప్పాడు. "గంజాయి తాగితే టెస్టులో పడతాం, పోలీసులకి దొరికితే కేసు. దీనికి టెస్టూ లేదు, కేసూ లేదని మేమే అలవాటు సేసుకున్నాం బాబాయ్." హెడ్డు ఆ కుర్రాడి తల మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. టీకొట్టులో తాను చెప్పిన మాట నాకు గుర్తుచెయ్యలేదు. అది ఆయన మర్యాద.

ఆసుపత్రి వరండాలో మా చెల్లెలి ముందు నిలబడి, చేతులు కట్టుకుని అన్నాడు. "తప్పు నాదమ్మా. నా ముక్కు నమ్మి ఇచ్చినారు మీరు." ఆమె ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ మాట అక్కడున్న ఊరివాళ్ళు విన్నారు. ఊరంతా అదే స్థిరపడిపోయింది.

నేను చెప్పేదల్లా ఇదీ. ముక్కు తప్పు చెప్పలేదు. అది గంజాయి కాదు. ముమ్మాటికీ కాదు. గంజాయే అయ్యుంటే ఈవేళ వాడు ఉద్యోగం పోగొట్టుకుని, తిట్లు తిని, నా ఎదురుగా కూర్చుని టీ తాగుతూ ఉండేవాడు.

వాడు బతికాడు. రెండు నెలల తర్వాత ఇంటికి తెచ్చుకున్నాం. ఫిట్సుకు మాత్రలున్నాయి. మిగతాదానికి లేవు. వసారాలో నులకమంచం మీద కూర్చుని వచ్చినవాళ్ళందర్నీ ఒకటే అడుగుతాడు. "ఏ పోర్టు వచ్చింది?" వాళ్ళమ్మ "ఇల్లురా నాయినా, మనిల్లు" అంటే ఏడుస్తాడు. ఎవరి చెయ్యి తల దగ్గరికొచ్చినా కేకలు పెడతాడు. మంగలి రెండుసార్లు వచ్చి, కత్తి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

హెడ్డు గురువారం గురువారం వచ్చేవాడు. అరసవల్లి నుంచి రెండు బస్సులు మారి. మొదటివారం ఊరికే ఎదురుగా కూర్చున్నాడు.

"ఏ పోర్టు వచ్చింది?"

"కొలంబో" అన్నాడు ఆయన.

వాడు తలూపాడు. పై వారం సింగపూరు. ఆ పై వారం ఇంకేదో, నేను వినని పేరు. అట్లాసు కొన్నాడట, ముందురోజు చూసుకుని వచ్చేవాడు. నాలుగోవారం సబ్బునురగ గిన్నె, రేజరు తెచ్చాడు. "దిగే ముందు నున్నగా ఉండాల కదేటి. కెప్టెన్ సూస్తాడు" అన్నాడు. వాడు గడ్డం ఎత్తి పట్టుకున్నాడు. అప్పట్నుంచీ రెండేళ్ళు, వాడికి గడ్డం గీసింది ఆయనే. బతుకంతా సబ్బు వాసన దగ్గరికి రానివ్వని మనిషి చేతులనిండా నురగ పులుముకుని నిలబడేవాడు.

ఒక మార్పు నేనే ముందు గమనించాను. కాదు, అదీ అబద్ధమే. టీకొట్టువాడు గమనించాడు.

"ఏటండీ హెడ్డుగారూ, గ్లాసు వాసన సూళ్ళేదు?"

"నువ్విచ్చింది తాగుతాను" అన్నాడాయన. తాగాడు. ఆవేళ పాలు నిజంగానే విరిగాయి. నాకు తెలీలేదు, కొట్టువాడే రెండో గుక్కకు ఉమ్మేసి చెప్పాడు. ఆయన గ్లాసు అప్పటికి ఖాళీ. ఆ తర్వాత చొక్కాచేతిని మడవగా ఆయన్ను నేను చూడలేదు. వాళ్ళావిడ జడలో మల్లెపూలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. చూస్తే సంతోషం కలగలేదు.

ఇదంతా రాయడం అయ్యాక, మొన్న పొందూరు బస్సెక్కి చెల్లెలింటికి వెళ్ళాను. ఆయన పేరు చెడగొట్టిన ఊళ్ళోనే ముందు చదవాలనిపించింది. వాడు మంచం మీద ఉన్నాడు, గడ్డం గుబురుగా పెరిగింది. నన్ను చూసి అడిగాడు. నాకు ఒక్క రేవు పేరూ నోటికి రాలేదు. చెల్లెలు చేటలో కందులు చెరుగుతూ కూర్చుంది. మొదటినుంచి చివరిదాకా చదివాను. ముక్కుపొడుం దగ్గర నవ్వింది. బస్సు దగ్గర చెరగడం ఆపింది.

"అయిపోనాదా?" అంది.

"అయిపోయింది. ఎలా ఉంది?"

"బాగున్నాది. ఒకటి దిద్దు. 'గంజాయి కాదు' అనీసి ఆయన ఊరుకున్నట్టు రాసినావు. ఊరుకోలేదు. 'గంజాయి కాదు, ఏటో నాకు తెలీదు, తెలీనిది ఇంకా సెడ్డది, నాలుగురోజులు నా కాడ ఉంచు, తెలిసినోళ్ళకి సూపిస్తాను' అన్నాడు. ఆఫీసోళ్ళ సెవినడితే ఓడ ఉద్దోగం పోతాదని నువ్వే ఆయన సేతిలోంచి లాగీసుకొచ్చినావు."

నేను కాగితాలు మడిచాను. "ఎవరు చెప్పారే నీకు? ఆయనా?"

"ఆ మారాజు సచ్చినదాకా నోరిప్పలేదు. తప్పు నాదే అనీసి నెత్తి మీద ఎట్టుకున్నాడు. నువ్వే సెప్పినావు అన్నియ్యా. ఆ రోజు, పొట్లం నా సేతికిస్తా. 'ముసలోడు బెదిరిపోనాడే, తన కాడ దాసుకుంటానంటాడు' అని నవ్వినావు. నానూ నవ్వినాను. తెలిసీ ఆడి సేతిలో ఎట్టీసినాను. అది కూడా రాయి."